బొట్టు మెట్టు

ఆదివారం మధ్యాహ్నం సాధనలో రవళి పాట సగంలో ఆపి మంచినీళ్ల సీసా అందుకునేసరికి పెద్దరాములు డోలక్ మీద చెయ్యి ఆపాడు.

"ఏమైంది బిడ్డా, మళ్ల ఆగినవ్?"

"గొంతు అందుతలేదు పెద్దనాయినా."

ఆమె పెదవులు కదలడం చూశాడాయన. సగం అర్థమైంది, సగం ఊహించుకున్నాడు.

"అందకపోవుడేంది. పోయినేడు గిదే పాట పాడినవ్ గద. సాధన తక్కువైంది మీకు. ఆ ఫోన్లు సూసుడు తగ్గియ్యుండ్రి, గొంతు అదే వస్తది."

రేకుల షెడ్డులో ఎవరూ బదులు చెప్పలేదు. హార్మోనియం ముందు కూర్చున్న భీమశంకరం దగ్గి, కండువాతో నోరు ఒత్తుకుని, "మళ్లీ మొదటి నుంచి తీసుకో అమ్మా" అన్నాడు. రవళి మళ్లీ అందుకుంది. పై చరణం దగ్గర ఆమె మెడ నరాలు తాళ్లలా పైకి లేచాయి. పెద్దరాములు అది చూసి, పిల్ల కష్టపడి పాడుతోందని సంతోషించాడు.

ఆయనకు చెవులు పోతున్నాయి. ఆ సంగతి ఇంట్లో భార్య నర్సింహమ్మకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. తెలిస్తే డోలక్ పోతుంది. చెవిలేని మనిషిని వాద్యం దగ్గర కూర్చోబెట్టే సమితి ఎక్కడా ఉండదు.

కర్దనూర్ సీతారామ కళా సమితి ఆయన తండ్రి నాటిది. మొదట్లో అదంతా రైతుల ఆట. చేతుల్లో గజ్జెలు కట్టిన చెక్క చిరుతలు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, అడుగులేస్తూ రామాయణం ఆడేవాళ్లు. వాద్యాల్లో డోలక్ ఒక్కటే ఉండేది. ఎల్లయ్య అనే పెద్దమనిషి వాయించేవాడు. ఆయనకు వయసు మీద పడ్డాక, పట్టాభిషేకం రోజు ఆట మొదలుకాకముందు డోలక్ తాడు తనే బిగించి, శృతి చేసి, అందరూ చూస్తుండగా పెద్దరాములు ఒళ్లో పెట్టాడు. సమితిలో డోలక్ చేతులు మారే పద్ధతి అదే. శృతి చేసి ఇవ్వాలి. తీసుకున్నవాడు మళ్లీ ఇంకొకరికి ఇచ్చేదాకా దానిమీద ఇంకో చెయ్యి పడకూడదు.

తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి వెంట కోస్తా నుంచి ఉద్యోగులు వచ్చారు. వాళ్లలో హార్మోనియం పెట్టె పట్టుకుని ఒక సాయంత్రం షెడ్డులోకి వచ్చినవాడు భీమశంకరం. పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నాడు, పద్యాలు బాగా పాడతాడు. పద్యం ఎత్తుకుంటే రాగం సాగదీస్తూనే ఉంటాడు. చిరుతలవాళ్లకు అడుగు పడకుండా కాళ్లు పట్టేసేవి.

"మీ పద్యం అయ్యేలోపు మా రాముడు అడవికి పోయి వాపసొస్తడు సారూ" అన్నాడు పెద్దరాములు ఆ రోజుల్లో.

"మీ గంతులకి మా రాముడు అయోధ్య దాటకుండానే అలిసిపోతాడండీ" అన్నాడు భీమశంకరం.

ఆ మాటలతోనే స్నేహం కలిసింది. ఆట కూడా అలాగే కలిసింది. అడుగుల పాటలు వీళ్లవి, మధ్యలో పద్యాలు వాళ్లవి. పెట్టె వచ్చాక ఒక కొత్త ఆచారం కూడా వచ్చింది. ఏటా సాధన మొదలుపెట్టే రోజు, హార్మోనియం మెట్లలో పాట తిరిగి తిరిగి వచ్చి ఆగే మెట్టు మీద డోలక్ వాయించేవాడు తడి కుంకుమతో బొట్టు పెడతాడు. దాన్ని బొట్టు మెట్టు అంటారు. డోలక్ కుడిపక్క తోలు ఆ మెట్టుకు కలిసేలా బిగించాలి. ఆ ఏటి ఆటంతా, పట్టాభిషేకం దాకా, ఆ మెట్టు మీదే నడవాలి. పెట్టె తర్వాత వచ్చింది, డోలక్ ముందునుంచీ ఉంది, అందుకని బొట్టు పెట్టే హక్కు డోలక్‌ది.

పెద్దరాములుకు ఐదెకరాల భూమి ఉండేది. రోడ్లకు కొంత పోయింది, ప్లాట్లకు కొంత పోయింది. ఇరవై ఏళ్లుగా ఒక ఫోర్జింగ్ షాపులో పనిచేస్తున్నాడు. ఎర్రగా కాలిన ఇనుప ముద్ద మీద హ్యామర్ పడినప్పుడల్లా కాళ్లకింద నేల అదిరేది. చెవుల్లో పెట్టుకోమని నారింజరంగు బిరడాలు ఇచ్చారు. పెట్టుకుంటే క్రేన్ మీదివాడి కేక వినపడదని ఆయన వాటిని చొక్కా జేబులో వేసుకునేవాడు. చాలామంది అంతే.

చెవులు ఒక్కసారిగా పోలేదు. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత ఫోన్ మోత పోయింది. షాపులో బిహార్ పిల్లలు వెనకనుంచి "చాచా" అని పిలిస్తే తిరిగి చూడటం మానేశాడు. మనుషుల మాటలు వినిపించేవి కానీ, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుండేవి. మోటు చప్పుళ్లు మిగిలాయి. డోలక్ ఎడమపక్క మోగే గుమ్మనే దరువు బాగానే తెలిసేది. కుడిపక్క ఖణ్ మని పలికేది మాత్రం దూరమవుతూ వచ్చింది. ఏడాదికోసారి అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవుల పరీక్ష చేసేవాళ్లు. చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసేవాడి భుజం కదిలినప్పుడల్లా పెద్దరాములు బటన్ నొక్కేవాడు. అట్లా ఏటా గట్టెక్కాడు. ఆ పరీక్షతో ఆయనకు చేతుల్నీ భుజాల్నీ గమనించడం అలవాటైంది.

ఆ ఆదివారం భీమశంకరం పద్యం ఎత్తుకున్నప్పుడు ఆ అలవాటుతోనే ఆయన వేళ్లవైపు చూశాడు. పద్యం ఎక్కడ ముగుస్తుందో చెవికి అందడంలేదు. వేళ్లు ఆగితే దరువు వెయ్యాలనుకున్నాడు. వేళ్లు ఆగాయి. దరువు వేశాడు. అప్పుడు చూశాడు, వేలు బొట్టు మెట్టు మీద లేదు. రెండు మెట్లు అవతల ఆగింది.

చెయ్యి తప్పిందనుకున్నాడు. తర్వాతి పాట అయ్యేదాకా చూశాడు. వేలు మళ్లీ అక్కడే వచ్చి ఆగింది. కుంకుమ బొట్టు గుండ్రంగా అట్లాగే ఉంది, అంచు కాస్త చెదిరిందంతే. ఎప్పుడూ వారం తిరక్కుండానే ఆ బొట్టు అరిగిపోయేది. భీమశంకరం వేలి కొన ఎర్రగా ఉండేది. సాధన మొదలై ఇన్ని వారాలైనా ఈసారి ఆ వేలు తెల్లగానే ఉంది.

సాధన అయ్యాక పెద్దరాములు లేచాడు. డోలక్‌కు గుడ్డ చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆచారం తప్పింది సారే. ఇరవై ఏళ్లలో లేనిది, చెప్పకుండా ఎందుకు తప్పినట్టు? తనను పక్కనపెట్టే ఆలోచన ఏదో నడుస్తోందని ఆయనకు అనుమానం కలిగింది. మర్నాడు రెండో షిఫ్టు. పొద్దున్నే ఆటో ఎక్కి పటేల్‌గూడ వెళ్లాడు.

భీమశంకరం భార్య పద్మావతి తలుపు తీసింది. "రండి రాములు గారూ. ఆయనతో ఎక్కువ మాట్లాడించకండి, డాక్టరు వద్దన్నాడు" అంది.

"ఆఁ?" అన్నాడు పెద్దరాములు.

ఆమె చేత్తో లోపలికి చూపించింది. భీమశంకరం మెడకు తువ్వాలు చుట్టుకుని, మిరియాల పాలు తాగుతున్నాడు. స్నేహితుణ్ని చూసి నవ్వాడు.

"బొట్టు మెట్టు ఎందుకు ఇడిసిపెట్టినవ్ సారూ?" కూర్చోకుండానే అడిగాడు పెద్దరాములు.

భీమశంకరం నవ్వు ఆగింది. గొంతులోంచి గాలిలాంటి మాటేదో వచ్చింది. పెద్దరాములుకు పెదవులు తప్ప ఏమీ అందలేదు. ఇంకా దగ్గరికి జరిగాడు. భీమశంకరం మళ్లీ అన్నాడు. మళ్లీ అందలేదు. ఇద్దరూ పద్మావతి వైపు చూశారు.

"బాగుంది. ఒకరికి గొంతు లేదు, ఒకరికి చెవి లేదు, నడిమధ్యన నన్ను నిలబెట్టారు" అందామె. నవ్వబోయి మానుకుంది. దగ్గరికి వచ్చి, ఆయన ముఖానికెదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మీ డోలక్ కుడిపక్క శృతి పైకి పోయింది. పోయినేడు కొంచెం. ఈ ఏడు ఇంకా. మీకు వినపడక తాడు బిగిస్తూ పోతున్నారు. శృతి దించమని మిమ్మల్ని అడగలేక ఈయనే పెట్టె మీద పై మెట్టుకు జరిగాడు."

పెద్దరాములు భీమశంకరం వైపు తిరిగాడు. ఆయన పాలగ్లాసులోకి చూస్తున్నాడు.

"ఇంకెవరికి ఎరుక గిది?"

"అందరికీ" అంది పద్మావతి.

"రవళికి?"

"ముందు కనిపెట్టింది ఆ అమ్మాయే. చెప్పొద్దని మీ ఇంటావిడ వచ్చి అడిగింది. షెడ్డులో అందరినీ అడిగిందట."

పెద్దరాములు కుర్చీలో కూర్చున్నాడు. నిన్న రవళి మెడ మీద లేచిన నరాలు గుర్తొచ్చాయి. సాధన తక్కువైందని తను అన్న మాట గుర్తొచ్చింది. ఎవరూ బదులు చెప్పకపోవడం గుర్తొచ్చింది.

"డాక్టరు ఏమన్నడు?"

పద్మావతి తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. "లోపల కాయలా కట్టిందట. పై శృతిలో గుంజి గుంజి పాడినందుకు. ఇట్లాగే పాడితే మాట కూడా మిగలదన్నాడు."

"మరి ఎందుకు పాడుతున్నవ్ సారూ?"

భీమశంకరం ఈసారి గొంతు వాడలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, ఒళ్లో లేని డోలక్ మీద దరువు వేసి చూపించాడు. తర్వాత పెద్దరాములు వైపు వేలు చూపించాడు.

ఇంటికొచ్చాక నర్సింహమ్మ అన్నం పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కోలేదు.

"అందరికాడికి పోయినవట."

ఆమె దాచలేదు. ఎదురుగా కూర్చుని, ఆయనకు కనపడేలా మాట్లాడింది. "పోయిన. భూమి పోయినప్పుడు ఆర్నెల్లు గోడకు ఆనుకుని కూసున్నవ్. ఆ డోలక్ పట్టుకున్నంకనే మళ్ల మనిషివైనవ్. గదీ గుంజుకుంటే ఇగ ఏం జేస్తవని పోయిన."

"సారు గొంతు పోయిందే నర్సమ్మ."

ఆమెకు ఆ సంగతి తెలియదు. గంటె గిన్నెలో పెట్టేసింది.

"గంత దూరం పోతదని నాకు ఎరుక లేకుండె" అంది.

షిఫ్టుకు వెళ్లేముందు ఆయన వాకిట్లో డోలక్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తాడుకున్న ఇనుప రింగులు ఒక్కొక్కటే వెనక్కి జరిపాడు. తోలు కాస్త వదులైంది. వేలితో కొట్టాడు. ఏమీ తెలియలేదు. ఇంకాస్త వదులు చేశాడు. మళ్లీ కొట్టాడు. ఎక్కడ ఆపాలో చెప్పేది ఏదీ లేదు. ముందు ఉన్నట్టే బిగిద్దామన్నా ఎంత బిగించాడో గుర్తులేదు. రింగులన్నీ వదిలేసి లేచాడు.

తర్వాతి ఆదివారం సాధనకు వెళ్లలేదు. సమితి కార్యదర్శి మహేష్ ఇంటికొస్తే, "పట్టాభిషేకం నాడు వస్త. అప్పటిదాక రవళిని తన డోలక్ మీద వాయించమను" అన్నాడు. రవళి మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. ఆయనకు రాత్రి షిఫ్టు పడిన శనివారాల్లో భజనకు వేరే డోలక్ వాయించేది ఆమే.

"నువ్వు ఇడిసిపెడితే ఎట్ల కాకా" అన్నాడు మహేష్.

"ఆఁ?" అన్నాడు పెద్దరాములు. సమితి మనిషి ముందు ఆయన దాచకుండా అలా అనడం అదే మొదటిసారి. మహేష్ తల ఊపి వెళ్లిపోయాడు.

శ్రీరామనవమికి మొదలైన ఆట పట్టాభిషేకం దాకా వచ్చింది. సాయంత్రం ఎండ ఇంకా షామియానా అంచు మీద ఉండగానే జనం చేరారు. రంగుపొడి పూసుకున్న రాముడు ఒక పక్కన టీ తాగుతున్నాడు. పెద్దరాములు గుడ్డ చుట్టిన డోలక్ పట్టుకుని వచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. నర్సింహమ్మ తడి కుంకుమ ఉన్న ఆకు అందించింది.

ఆయన భీమశంకరాన్ని అడిగాడు. "ఏ మెట్టు సారూ?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎప్పుడూ పుట్టలేదు. భీమశంకరం ఆయన ముఖంలోకి చూసి, పాత బొట్టు మెట్టుకన్నా ఒక మెట్టు కిందిది చూపించాడు. పెద్దరాములు దానిమీద బొట్టు పెట్టాడు.

"రవళీ, ఇటు రా బిడ్డా."

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎల్లయ్య శృతి చేసి ఇచ్చాడు. ఈయన చెయ్యలేడు. అందుకని డోలక్ రెండు చేతులతో పట్టుకుని, తాడు ఆమెవైపు తిప్పాడు. "నేను పట్టుకుంట. నువ్వు బిగియ్యి. సారు ఊ అన్నప్పుడు ఆపు."

"నాతోని గాదు పెద్దనాయినా. నువ్వే ఉండు" అంది రవళి.

"నేను ఉంటే సారుకు గొంతుండదు. బిగియ్యి."

ఆమె రింగులు జరిపింది. భీమశంకరం మెట్టు నొక్కి పట్టాడు. ఆమె వేలితో కొట్టి, విని, మళ్లీ జరిపింది. పెద్దరాములు అరచేతుల కింద చెక్క సన్నగా వణుకుతోంది, ఆగుతోంది. తోలు ఆయన చేతికి చాలా వదులుగా, వానలో తడిసినట్టుగా తోచింది. తనైతే ఇంకా బిగించేవాడు. భీమశంకరం తల ఊపాడు. రవళి చెయ్యి తీసింది. పెద్దరాములు డోలక్ ఎత్తి ఆమె ఒళ్లో పెట్టి, పట్టీ ఆమె భుజం మీదుగా సర్దాడు. చిరుతలు పట్టుకున్న వాళ్లంతా నిలబడి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టబోతే మహేష్ చేత్తో వారించాడు.

ఆయన వేదిక దిగి వచ్చి, జనంలో నర్సింహమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు. ఈ ఆటను ఎదురుగా కూర్చుని చూడటం ఆయనకు అదే మొదలు. రాముడు ఇంత పొట్టివాడని తెలియదు. అడుగులు మొదలయ్యాయి. ఎడమపక్క దరువు నేలలోంచి వచ్చి కాళ్లకు తగిలింది. పిల్ల కొంచెం తొందరపడుతోంది. ఆయన చేతులు తొడల మీద లేవబోతే ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఆపుకున్నాడు. రెండో చుట్టుకు దరువు కుదుట పడింది.

భీమశంకరం పాడడం డాక్టరుకు ఇష్టం లేదు. చివరి పద్యం ఒక్కటి కింది శృతిలో పాడతానని పద్మావతిని ఒప్పించుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిచాడు. పెద్దరాములుకు ఒక్క అక్షరం కూడా వినపడలేదు. భీమశంకరం మెడవైపే చూస్తూ కూర్చున్నాడు. పద్యం సాగింది, సాగుతూనే ఉంది. ఎక్కడా నరం లేవలేదు.

వేళ్లు ఆగాయి. అలవాటు కొద్దీ భీమశంకరం డోలక్ వైపు తిరిగాడు, తర్వాత జనంలో వెతికాడు. పెద్దరాములు కనపడగానే చెయ్యి పెట్టె మీంచి తీసి, వేలు పైకెత్తి చూపించాడు. దాని కొన ఎర్రగా ఉంది.