పాటకు మాత్రమే పలికిన మా మేనత్త

మొన్న హైదరాబాదులో ఆసుపత్రిలో ఉన్న పాత స్నేహితుణ్ణి చూడబోయాను. కుడి చెయ్యి పడిపోయి, మూతి వంకరపోయి, మాట పోయిన మనిషిని చూడబోతున్నాను కదా అని మొహానికి తగినంత విచారం పులుముకుని తలుపు తోస్తే, లోపల ఆయన రాగం తీస్తున్నాడు. మంచం పక్కన మా మనవరాలి ఈడు పిల్ల ఒకతె కూర్చుని, ఆయన ఎడమ చేత్తో తొడ మీద తాళం వేయిస్తూ, మంచినీళ్ళు కావాలన్న ముక్కను పాటలాగా పాడిస్తోంది. మామూలుగా అడగమంటే గొంతులో గులకరాళ్ళు పడ్డట్టు గింజుకునే మనిషి, రాగంలో పెట్టేసరికి శుభ్రంగా నీళ్ళు అడిగాడు. ఆ పిల్ల ఉద్యోగమే అదట. మెదడులో మాట ఉండే చోటు దెబ్బతిన్నా పాట ఉండే చోటు మిగలవచ్చునట, ఆ పాటను పట్టుకుని మాటను మెల్లగా బయటికి లాగుతారట. తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి నేను వరండాలోకి వచ్చేశాను. స్నేహితుడి కోసం కళ్ళు చెమర్చాయని ఆయన కోడలు అనుకుంది, అనుకోనిచ్చాను. నిజానికి నాకు వచ్చింది కోపం, అదీ ఎప్పుడో కాలం చేసిన మనుషుల మీద.

పంతొమ్మిది వందల యాభైలు ముగుస్తున్న రోజుల్లో నాకు కల్వకుర్తి అవతల ఒక ఊళ్ళో పంతులు ఉద్యోగం దొరికింది. ఆ ఊళ్ళోనే మా మేనత్త ఇల్లు కనుక తిండికీ పడకకూ వెతుక్కోవలసిన పని లేకపోయింది. బడి అంటే ఒక గది, ఒక నల్లబల్ల, వర్షం వస్తే సెలవు. మా అత్త అంటే నోరు. ఆ ఇంట్లో పొలం మామది, పశువులు బావవి, వంటిల్లు కోడలిది, మా అత్తకంటూ సొంతంగా ఉన్న ఆస్తి ఆ నోరొక్కటే, దాన్ని ఆమె రోజూ సాగుచేసేది. తెల్లవారుజామున కోడలితో కలిసి ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ పాట ఎత్తుకుంటే, మన ఈడువాళ్ళకు చెప్పాలా, ఆ రాయి గరగరా ఆ గొంతూ కలిసి ఊరంతటికీ కోడికూతగా సరిపోయేవి. పాట అయిపోగానే నాతో పోట్లాట మొదలు. ఒక రోజు నేను, ఈ రొట్టె తీసి విసిరితే కుక్క చస్తదత్తా అన్నాను. ఆమె తల కూడా తిప్పలేదు.

"మూడు తిని నువ్వే బతికున్నవు, కుక్కకేమైతది తియ్యిరా పంతులూ."

అట్లాంటి నోరు ఒక పొద్దున విసురుతూ విసురుతూ ఆగింది. కుడి చెయ్యి రాతి పిడి మీదినుంచి జారిపోయింది, మనిషి పక్కకు ఒరిగింది, ఏమైందంటే "గదే, గదే" అంటుంది, అంతకు మించి ఒక్క మాట లేదు. ఊళ్ళో పెద్దలు వచ్చి చూసి గాలి సోకిందన్నారు. గాలి సోకిన మనిషికి ఇంక గాలి తగలరాదని, జొన్నలు పోసే చీకటి అర్రలో మంచం వేసి, గోడకున్న ఒక్క కంతలో గోనెసంచి కుక్కారు. మామా, ముక్కులో నుంచి గూడ గాలి పోతాంది, దాని సంగతేందని అడిగాను. మా మామ తలుపు సందులకు పాతబట్టలు దోపుకుంటూ పోయాడు. తరవాత పావురాల వంతు వచ్చింది. పావురం ఎగిరే పిట్ట కనుక దాని వేడి నెత్తురు పట్టిస్తే చచ్చుపడ్డ చెయ్యి లేస్తుందని తర్కం. అంత బాగా ఎగిరేదే అయితే మన చేతికి ఎట్ల చిక్కిందన్నాను. అందరూ నన్ను చూసిన చూపుకు పావురాల తరవాత నా వంతేమో అనిపించింది.

ఎడ్లబండి కట్టి, బస్సు ఎక్కించి, ఒక దవాఖానకు కూడా తీసుకుపోయాం. డాక్టరు మంచివాడు. చిన్న సుత్తితో మోకాలు కొట్టి చూసి, రక్తపోటు ఎక్కువై మెదడులో దెబ్బ తగిలిందని, దీనికి తన దగ్గర మందు లేదని, మనిషి దక్కినందుకు సంతోషించమని చెప్పాడు. సంతోషిస్తూ తిరిగి వచ్చాం.

కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున కోడలు ఒక్కతే విసురుతుంటే, చీకటి అర్రలోనుంచి పాట వినిపించింది. గొణుగుడు కాదు, మాటమాటా తెలిసేట్టు, చరణం తరవాత చరణం. కోడలు రాయి వదిలేసింది. మా బావ పరుగెత్తి వెళ్ళి తల్లి మంచం మీద కూలబడ్డాడు.

"అమ్మా, నా పేరు జెప్పే. ఒక్కసారి జెప్పే."

"గదే... గదే."

"అమ్మా, నేనెవర్ని?"

ఆమె కళ్ళనిండా నీళ్ళతో ఇంకా గట్టిగా గదే అంది. అంత పొడవు పాట పాడిన నోరు కొడుకు పేరు చెప్పలేదంటే నమ్మేదెవరు? మధ్యాహ్నానికి ఊరు రెండు పక్షాలయింది. కోడలి పక్షం నాటకమంది. "పాటకైతే గొంతు లేస్తది, పనికైతే చెయ్యి లేవది, గిదేం రోగమమ్మా?" అని ఆమె చేదబావి దగ్గర అడిగితే కాదనే ఆడమనిషి లేకపోయింది. రెండో పక్షం మా మామది. తన భార్య దొంగ కాదని ఆయనకు తెలుసు, కాబట్టి పాడేది తన భార్యే కాదన్నాడు. ఏదో దయ్యం పట్టింది, లోపల కూర్చుని అది పాడుతోంది.

నాకు ఏ పక్షమూ నచ్చలేదు. నాకు వైద్యం తెలియదు గానీ మా అత్త కంటి కొసన నవ్వు ఎప్పుడు మెదులుతుందో తెలుసు. బడి వదిలాక వెళ్ళి మంచం పక్కన కూర్చుని, ఇసుర్రాయి పాట వరసలోనే నా సొంత కవిత్వం ఎత్తుకున్నాను, అత్త రొట్టె రాయి లెక్క, నమిలి నమిలి పళ్ళు పాయె, అని. రెండుసార్లు పాడాను. ఆమె మూతి బాగున్న పక్క వణికింది, ఎడమచెయ్యి మంచంపట్టె మీద సుడి తిరిగింది, అదే వరసలో నా చరణం పూర్తయింది.

"తినేటోడు... దున్నపోతూ!"

జీవితంలో ఎందరో నన్ను మెచ్చుకున్నారు గానీ అంత తీపిగా ఎవరూ తిట్టలేదు. తరవాతి రోజుల్లో అట్లాగే నీళ్ళు అన్న మాట వచ్చింది, సద్ది వచ్చింది. ఒక సాయంత్రం కొడుకు పేరులో సగం కూడా వచ్చింది, మిగతా సగం పెదవుల మీద నిలబడి వెనక్కి పోయింది. ఇంకొంచెం ఓపిక పడితే మాట వస్తుందని నేను మామ దగ్గరికి పరుగెత్తాను.

"పాట పాడితే మాట వస్తదా? ఇంట్ల మనిషి గిట్ల పడి ఉంటే నీకు పరాచికాలా అల్లుడా?"

"పరాచికం కాదు మామా, ఒట్టు. నువ్వే వచ్చి ఇను."

"ముక్కుకు గూడ గుడ్డలు కుక్కుమన్నోనివి నువ్వే గదరా."

ఆయన తప్పేముంది? అన్నాళ్ళూ ప్రతి ఏడుపుకూ ఒక చెణుకు విసిరిన వాణ్ణి, ఒక్కసారి నిజం చెప్పబోతే దాన్నీ ఆ లెక్కలోనే వేశారు.

మా మామ పొరుగూరి నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించాడు. విసురుతూ ప్రాణం వదిలిన ఆడమనిషి ఎవరో మా అత్త నాలుక మీద కూర్చుందని అతను తేల్చాడు. ఇంట్లో రాయి తిరగరాదు, పాట వినపడరాదు, ఎగతాళి మనుషులు దగ్గరికి రారాదు. ఇసుర్రాయిని నలుగురు మోసుకుపోయి ఎవరి కొట్టంలోనో పడేశారు. జొన్నలు పక్క ఊరి పిండి గిర్నీకి పోయాయి. నేను పెట్టె సర్దుకుని బడిగదికి మారాను. ఆదివారం ఆదివారం గడప అవతలి నుంచే చూడనిచ్చేవారు. వచ్చిన మాటలు వచ్చిన దారినే పోయాయి, ముందు కొడుకు పేరులో సగం, తరవాత సద్ది, చివరికి నీళ్ళు.

ఒక ఆదివారం నేను చూస్తుండగా ఆమె ఎడమచెయ్యి పక్కబట్ట మీద గుండ్రంగా తిరగసాగింది, లేని పిడి పట్టుకుని విసురుతున్నట్టు, నోరు తెరుచుకుంటోంది. మా మామ వెంటనే ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఎంతో ప్రేమగా, అది కదలకుండా పట్టుకున్నాడు. నోరు మళ్ళీ మూసుకుంది.

అట్లా ఆమె ఏళ్ళు బతికింది. పోయిన రోజున వచ్చిన చుట్టాలందరిదీ ఒకే మాట. ఎంత సేవ జేసిండ్రమ్మా, గాలి గూడ తగలనియ్యలే, అని. ఆ పొగడ్తలో అక్షరం అబద్ధం లేదు.

ఆ కాలానికే వేరే దేశాల్లో ఈ జబ్బు మనుషులకు నడకా మాటా తిరిగి నేర్పేవాళ్ళు ఉన్నారని తరవాతెప్పుడో తెలిసింది. పడిపోయిన చేతిని లేపే మందు వాళ్ళ దగ్గరా లేదు, మా దగ్గరా లేదు, ఆ విషయంలో మా ఊరు ఏ దేశానికీ తీసిపోలేదు. వాళ్ళు రోగిని లేపి కూర్చోబెట్టారు, మేం పడుకోబెట్టాం, తేడా అంతే. ఇప్పుడు మూతి వంకరపోతే గంటల్లో సూది పడాలని మా ఊరి పిల్లలకు కూడా తెలుసు, ఫోను చేస్తే బండి వస్తుంది. అయితే ఆ బండి ఎంత దూరం పోవాలో, ప్రాణం దక్కి ఇంటికి వచ్చినవాళ్ళ పక్కన రోజూ కూర్చుని ఒక్కో మాటా పలికించేది ఎవరో అడిగితే, ఆ సంగతి మాత్రం చాలా ఇళ్ళల్లో ఇవాళ్టికీ మంచానికే వదిలేశారు.

నాకప్పుడు వయసుంది, తీరిక ఉంది, గొంతు కూడా ఉంది, నమ్మేవాళ్ళే లేరు. ఇప్పుడు తల నెరిసింది కనుక నేనేం చెప్పినా అందరూ నమ్ముతారు, హాస్యానికి అన్నా నిజమేనని తలలూపుతారు. నువ్వు చెప్పేదంతా ఉత్తదే పోరా పంతులూ అనే మనిషి కోసం చుట్టూ చూస్తాను. అందరూ ఎంతో మర్యాదగా వింటూ ఉంటారు.