సముద్రం మీది మబ్బు, చెల్కలో పత్తి

రాష్ట్రం వచ్చిన పదో ఏడు, మృగశిర కార్తె ఐదో రోజు, సోమవారం సాయంత్రం ఐదు గంటలు. నీడలో నలభై ఒక్క డిగ్రీలు, పడమటి గాలి. డాబా మీద నేను పెట్టిన వానకొలత సీసాలో చుక్క లేదు. దేవరకొండ దగ్గరి మా ఊళ్లో తమ్ముడి భార్యకు నాలుగెకరాల ఎర్ర చెల్క నేల ఉంది. వానకు ముందే పొడి దుక్కిలో పత్తి గింజ పెట్టాలా, ఆగాలా అన్నది ఆ రాత్రిలోగా తేలాలి. గింజలు ఒక్కసారికే సరిపోతాయి. మా దగ్గర ఆడవాళ్లు ఒకరి చేనికి ఒకరు వంతులవారీగా పనికి వెళతారు; మరునాడు ఆమె చేని వంతు.

వాతావరణ నమూనాలపై పరిశోధన చేసే మా అమ్మాయికి ఫోను చేశాను. ఆ రోజుకది నాలుగోసారి. తమ్ముడి భార్య పక్కనే నిలబడి వింటోంది.

“బాపూ, నమూనాను ఇరవై సార్లు నడిపినం. పద్నాలుగు సార్లు మూడు రోజులల్ల వాన జూపెట్టింది. కని నాకు నమ్మకం లేదు.”

“పద్నాలుగంటే నూటికి డెబ్బై గదా?”

“దూరం సముద్రాల మీద పెద్ద మబ్బులు లేస్తే పైగాలి వేడెక్కుతది. గా వేడే ఆకాశంల శానెత్తున వీచే పడమటి జెట్ గాలిని హిమాలయాల అవతలికి జరుపుతది. అప్పుడే మనకు వాన. మా నమూనాల మబ్బులు జల్ది లేస్తున్నయ్, జెట్ గూడ జల్ది జరుగుతాంది. అసలు జెట్ ఇంక ఇవతల్నే ఉన్నది.”

“ఎన్ని రోజులు జల్ది?”

“గదే తెల్వదు బాపూ.”

సంఖ్య లేని జవాబు నన్ను కూర్చోనివ్వలేదు. డాబా ఎక్కి పడమర చూశాను. దిగి, మళ్లీ ఎక్కాను.

“జర కూసో బావా, మెట్లరుగుతయ్,” అంది తమ్ముడి భార్య. “రేపు వంతు పోతే పన్నెండిండ్లు తిరిగినంకనే మల్ల నాకాడికొస్తది. మబ్బులు నా వంతు జూస్తయా?”

“మరేం చేస్తవు?”

“పద్నాలుగు నీ మాట, ఆరు నీ బిడ్డ మాట. ఇద్దరి మాటా సగం సగం ఇంట. రెండెకరాలు పెడ్త, రెండెకరాల గింజ దాస్త.”

మర్నాడు పెట్టారు. మూడో రోజు ఆకాశం తెల్లగానే ఉంది. ఆరో రోజు నాలుగు చినుకులు పడి గింజ ఉబ్బింది, ఆపైన ఎండకు మాడిపోయింది. నిలకడైన వాన పదకొండో రోజున కురిసింది. వరుసల వెంట నడిచి లెక్క చూశాను: నూటికి ఇరవై మూడు మొలిచాయి. దాచిన గింజలో ఎక్కువ భాగం మొలవని చోట్ల మళ్లీ పెట్టే పోగుంటలకే అయిపోయింది; మిగిలింది అరెకరానికే వచ్చింది.

ఆ ఏడు నాలుగెకరాల్లో పత్తి నిలిచింది రెండున్నర ఎకరాలు.