ఛాతీ ఎత్తున కొలిచిన టేకు

మా తోడల్లుడూ నేనూ ఒకే నర్సరీలో ఒకే రోజున టేకు మొక్కలు కొన్నాం. ఆయన తన కొబ్బరితోట గట్టు మీద ఎనిమిది అడుగులకొకటి నాటాడు. నేను నా గట్టు మీద అంత జాగాలో మూడేసి నాటి, ఆయన అమాయకత్వానికి వారం రోజులు నవ్వుకున్నాను.

ఇరవై ఏళ్లకి ఆయన చెట్టు చుట్టూ తిరిగి రావడం అన్నవరం గిరిప్రదక్షిణంత పనైంది. నావి ఒకదాన్నొకటి తోసుకుంటూ మేఘాల్లోకి పోయాయి గానీ, లావులో చీపురుకట్టకి చెల్లెళ్లు.

ఇంతలో మా ఆవిడ, కట్టబోయే ఇంటికి సింహద్వారం మన టేకుతోనే అని భీమవరం దాకా చాటింపు వేసేసింది. మూడడుగుల చుట్టుకొలత ఉంటే చాలన్నాడు వడ్రంగి. నా చెట్లన్నిటిలోకెల్లా బలిసినదానికి రెండంగుళాలు తక్కువ. "పోనీ, బావగారినే ఓ చెట్టు అడగకూడదూ?" అంది ఆవిడ. నాలుగు రోజులు నాకు పులస చేప పులుసైనా సయించలేదు.

నిలువు చెట్టుకి వెల కట్టే షావుకారు ఛాతీ ఎత్తున టేపు చుడతాడు. ఛాతీ అంటే కొలిచేవాడి ఛాతీ. చెట్టు కిందికి వచ్చేకొద్దీ లావు. అందుకని రాజమండ్రి కలప అడితులన్నీ గాలించి, స్టూలెక్కితే గానీ గల్లాపెట్టె అందని షావుకారుని వెతికి, మా ఆవిడ ముందే కొలిపిద్దామని కారులో తెచ్చాను.

ఆయన టేపు చుట్టాడు. సరిగ్గా మూడడుగులు. నేను మీసం మెలేసే లోపు మా తోడల్లుడు బండి దిగి, ఎలాగూ వచ్చారు గనక మావీ ఓ చూపు చూడమన్నాడు. అక్కడ టేపు చాలక షావుకారు పైపంచె ముడేశాడు. ఆ ఒక్క చెట్టుకి, నా గట్టంతటికీ కట్టిన వెలకి రెట్టింపు పలికాడు.

"మరి నావాటికి అంతేనా అండీ?" అన్నాను.

"మూడడుగులున్నాయండి, కాదన్ను. కానీ లోపల చేవ లేదండి. పందిరి గుంజలకైతే మహా బాగుంటాయి."

మా తోడల్లుడు నా భుజం మీద చెయ్యేశాడు. "తమ్ముడూ, ఈ చెట్టు నీ గుమ్మానికి. డబ్బు మాటెత్తావంటే ఊరుకోను."

మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, కారణం వేరు.

ఇప్పుడు వచ్చినవాళ్లందరూ ఆ సింహద్వారాన్ని నిమిరి నిమిరి మెచ్చుకుంటారు. నేను మాత్రం దొడ్డిగుమ్మంలోంచే వెళ్తాను. అది నా టేకు. కాస్త పక్కకి తిరిగి దూరాలి, అంతే.