అరపేజీ కోసం

మా అమ్మాయి గోళ్ళరంగు తుడుచుకోవడానికి సీసా మూత తీసింది. అసిటోన్ వాసన అరిజోనాలో, చాండ్లర్‌లోని మా ఇంటి హాలంతా పాకింది. ఎనభైలలో మిషిగన్‌లో నేను పనిచేసిన లాబ్ వాసన అది. సిలికాన్ బిళ్ళలు కడిగే సింకు ముందు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులతో నిలబడి ఉండేవారు కరుణ గారు. నాకు మొదటి బాస్. కాకినాడ వైపు క్రైస్తవ కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన, మిగతా రోజులన్నీ లాబ్.

కార్ల ఇంజన్లలో గాలి ఒత్తిడిని కొలిచే చిన్న సెన్సర్లు చేసేవాళ్ళం. అవి బాగానే అమ్ముడుపోయేవి. కరుణ గారి ధ్యాస మాత్రం కదిలే పరికరాల మీద ఉండేది. వెంట్రుకకన్నా సన్నని సిలికాన్ రేకు, కరెంటు ఇస్తే వంగాలి. వంగేది కాదు. కడిగి ఆరబెట్టేసరికి తడికాగితంలా కింది పొరకి అతుక్కుపోయేది. ఆవిడ మైక్రోస్కోప్‌లో చూసి, ఫొటో తీసి దాచేవారు.

ఆ రోజుల్లోనే ఒక ప్రచురణ సంస్థ, ఇలాంటి పరికరాల మీద వేయబోయే పాఠ్యపుస్తకం రాతప్రతిని అభిప్రాయం చెప్పమని ఆవిడకి పంపింది. నన్నూ చదవమన్నారు. నేను ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కదిలే పరికరాల అధ్యాయం అర్థం కాలేదని, నా చదువు చాలదేమోనని నసిగాను.

"నీలాంటివాళ్ళ కోసమేగా పద్మా ఈ బుక్. నీకు అర్థం కాకపోతే కరెక్ట్ చేయాల్సింది బుక్‌ని," అన్నారు.

లంచ్ వేళ ఇద్దరం కూర్చుని ఆ అధ్యాయం మళ్ళీ చదివాం. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. రేకు అతుక్కుపోతుందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, చివరికి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఇది చదివిన పిల్లలు, రేకు అతుక్కుపోతే తప్పు తమదే అనుకుంటారమ్మా. ఇన్నేళ్ళూ నేను అలాగే అనుకున్నాను."

ఆ సంగతి రాసి, మా ఫొటోలు కూడా జతచేసి పంపాలని నిశ్చయించుకున్నారు. ఫొటోలు బయటికి వెళ్ళాలంటే మేనేజర్ అనుమతి కావాలి. మాటల్లో రాస్తే చాలు కదా అన్నాను. చూస్తేగానీ ఎవరూ నమ్మరన్నారు. మేనేజర్ ఫొటోలన్నీ బల్ల మీద పరచుకుని చాలాసేపు చూశాడు. ఇన్ని వైఫల్యాలు ఒక్కచోట ఆయన ఎప్పుడూ చూడలేదు. అనుమతి ఇచ్చాడు. కొన్నాళ్ళకే ఆ కదిలే పరికరాల ప్రాజెక్ట్ ఆపేశాడు. ఆయన చెడ్డవాడేం కాదని కరుణ గారే అనేవారు. ఆవిణ్ణి సెన్సర్ల తనిఖీకి మార్చారు. తరవాత ఉద్యోగాలు తీసేసినప్పుడు ఆవిడ ఉద్యోగమూ పోయింది.

ఆఖరి రోజు పార్కింగ్ లాట్‌లో ఆవిడ కారు అద్దం మీద మంచు గీకుతున్నారు. నాకు కోపం ఆగలేదు. ఆ ఫొటోలు పంపకపోతే ప్రాజెక్ట్ ఉండేది కదండీ అన్నాను.

"ఉండేదేమో," అన్నారు గీకడం ఆపకుండా. "అవి అతుక్కోవడం మానేవి కాదుగా."

పుస్తకం అచ్చయ్యాక ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆవిడ అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళాను. అప్పటికి ఆవిడ సాయంత్రాలు ఒక చిన్న కాలేజీలో లెక్కలు చెబుతున్నారు. లాబ్ ఉద్యోగం మళ్ళీ దొరకలేదు. అతుక్కుపోవడం గురించి అరపేజీ, మా ఫొటో ఒకటి వేశారు. ఆవిడ పేరు మాత్రం లేదు. ఆవిడ అది రెండుసార్లు చదివి, ఫొటో తలకిందులుగా పడిందన్నారు. పుస్తకం మూసి నా చేతికిచ్చారు.

"నువ్వే ఉంచుకో. నీకు లాబ్ ఉంది."

తరవాత కొన్నేళ్ళకి, ఒక చలికాలం, ఆవిడ పోయారు. అంత్యక్రియల్లో పాస్టర్ గారు, ఈ సహోదరి కంప్యూటర్లలో పనిచేశారని చెప్పారు. అందరూ తలలూపారు. లేచి సరిచేద్దామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చుండిపోయాను.

ఇప్పుడు కుర్ర ఇంజనీర్లు తమ ఫలితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఏది పని చేయలేదో ముందు చెప్పమంటాను. చాలామంది తల దించుకుంటారు. కుర్చీ దగ్గరికి లాగి కూర్చోమంటాను. వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను.