అత్త మార్చిన పేపర్లు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. కడపలో ఆటోమొబైల్ డిప్లొమా ముగించి, ఉద్యోగం దొరికేదాకా నందికొట్కూరులో మేనమామ ఇంట్లో తిని కూర్చున్న కాలం అది. రోడ్డు మీద ఏ బండి పోయినా చెవి రిక్కించి "బేరింగు పోయింది", "క్లచ్చు అరిగింది" అని తీర్పు చెప్పేసేవాణ్ణి. (ఆ బండ్లన్నీ ఆ తర్వాత ఏళ్ల తరబడి సుఖంగా తిరిగాయి.) మా మామ మాత్రం నా మాటలకు మురిసిపోయి, టీ అంగడి దగ్గర "మా అల్లుడు ఇంజనీరు" అని అందరికీ చెప్పుకునేవాడు. డిప్లొమాకూ ఇంజనీరుకూ తేడా ఉందని నేనూ ఏనాడూ సరిదిద్దలేదు.

మామకు ఒక పాత తెల్ల కారుండేది. మహానందికి పోయే భక్తులనూ కర్నూలు ఆసుపత్రులకు పోయే రోగులనూ ఇరవై ఏళ్లుగా మోసిన కారు. ఇల్లు దాని మీదే గడిచేది. దాన్ని ఆయన 'ఇది' అనేవాడు కాదు, 'ఈమె' అనేవాడు. "ఈమెకు ఈ పొద్దు ఒళ్లు బాగలేదప్పా" అన్నాడంటే, అత్త గురించా కారు గురించా అని మేం ఒక క్షణం ఆలోచించుకోవాల్సి వచ్చేది. అత్త ఆ క్షణం కూడా తీసుకునేది కాదు. "నాకేం రోగం? ఆ డబ్బాకే" అనేది లోపలినుంచి.

ఒకరోజు మామ ఇంజను ఆయిల్ పుల్ల పైకి లాగి నా ముందు పెట్టాడు. "చూడు అల్లుడూ, పదైదు దినాల కింద నిండుకు పోసినా. ఇప్పుడు కొనకు దిగిపాయ. యాడికి పోతాండాది?" నేను గొంతు సవరించుకున్నాను. "ఆయిల్ పోయే దారులు రెండే మామా. కారన్నా కారాల, ఇంజను తాగన్నా తాగాల." (ఆ వారం మొత్తంలో నేను చెప్పిన సరైన మాట ఇదొక్కటే.) కారుతుంటే ఏదో ఒక ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది. తాగుతుంటే లోపల పిస్టన్ రింగులు అరిగినట్టు, ఇంజను విప్పాల్సిందే. మామ బానెట్ వైపు చూస్తూ అన్నాడు. "ఈ వయసులో ఈమెను ఇప్పేది ల్యా. అట్లయితే తుక్కోళ్లకు ఇచ్చేసి, ఎవురిదన్నా బండికి డ్రైవరుగా పోతా."

నేను పరీక్ష మొదలుపెట్టాను. పడుకోబోయే ముందు ఇంజను కింద న్యూస్ పేపర్ పరిచేవాణ్ణి, పొద్దున వంగి చూసేవాణ్ణి. పొద్దున అంటే ఎనిమిది గంటలకు. చదువుకున్నవాణ్ణి కదా, అంతకు ముందు లేచేవాణ్ణి కాదు. మూడు రోజులూ పేపరు మీద ఒక్క చుక్క లేదు. పైగా కారు ఆపినప్పుడల్లా నీలంగా పొగ, మాడు వాసన. నాలుగో రోజు చేతులు వెనక్కి కట్టుకుని చెప్పేశాను. "పొగ ఉంది, కింద చుక్క లేదు. తాగుతాంది మామా. రింగులు పోయినాయి." మామ "చదువుకున్నోడివి, నువ్వు చెప్తే అంతే" అని కర్నూలు తుక్కు వ్యాపారికి ఫోన్ చేశాడు. వాళ్లు శుక్రవారం వస్తామంటే అత్త ఒప్పుకోలేదు. శనివారానికి ఖాయమైంది. శుక్రవారం సాయంత్రం మామ కారును రెండుసార్లు కడిగాడు. తుక్కుకు పోయే బండిని అద్దాలతో సహా తుడుస్తుంటే చూడలేక నేను లోపలికి వెళ్లిపోయాను.

శనివారం నాకు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్తే అత్త నీళ్ల పొయ్యి అంటిస్తోంది. ఆమె చేతిలో ఒక న్యూస్ పేపర్, దాని నిండా నల్లటి మరకలు.

"అత్తా, అది యాడిది?"

"యాడిదంటావేమప్పా, నువ్వు పరిచిందే గదా! వాకిలి గలీజు కాకూడదని నువ్వు పేపరు పరుస్తాంటే, మొగపిల్లోడికి ఎంత బుద్ధి అనుకుంటి. తెల్లారి చూస్తే జిడ్డుజిడ్డుగా ఉంటాండాది. అట్లే పెడితే వచ్చినోళ్లు ఏమనుకుంటారు? అది తీసి పొయ్యికి దాచిపెట్టి, కల్లాపి చల్లి ముగ్గేసి, తడారినాంక కొత్తది పరుస్తాండా." పొయ్యి భగ్గున మండింది. "ఈ పేపర్లు శానా బాగ అంటుకుంటాండాయప్పా. దినామూ పరుచు."

అప్పుడు గుర్తొచ్చింది. నేను పరిచింది ఆటల పేజీ. మూడో రోజు పొద్దున వంగి చూసినప్పుడు అక్కడున్నది 'వధువు కావలెను' పేజీ. ఆ ప్రకటనలు రెండు మూడు శ్రద్ధగా చదివాను కూడా. అయినా నాకు అనుమానం రాలేదు.

వాకిట్లోకి పరిగెత్తాను. మామ అప్పటికే కార్లో స్టీరింగు ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆయన బండి స్టార్ట్ చేసి, నన్ను ఎక్కించుకుని షెడ్డు చాచా అని పిలిచే ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. చాచా సైలెన్సర్ గొట్టానికి తెల్ల చేతిరుమాలు అడ్డం పట్టుకుని, నన్ను యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. రుమాలుకు జిడ్డు అంటలేదు. తర్వాత బానెట్ ఎత్తి వేలు చూపించాడు. ఇంజను మీద మూతలా ఉండే టాపెట్ కవర్ అంచు నుంచి ఆయిల్ సన్నగా జారుతోంది. కొంత కిందికి, కొంత కాలే ఎగ్జాస్ట్ పైపు మీదికి. "బేటా, పొగ ఉండాదంటివి. యాడ్నుంచి వస్తాందో చూసినావా? ఎనక గొట్టంలో వస్తే తాగినట్టు. ముందర బానెట్ కాడ వస్తే కారి కాలినట్టు. ఈమె మంచి మనిషి, తాగే రకం కాదు." ప్యాకింగ్ మార్చడానికి గంట కూడా పట్టలేదు. మామ అక్కడినుంచే తుక్కు వ్యాపారికి రావద్దని ఫోన్ చేశాడు.

తిరిగి వస్తూ "తప్పు చేసినా మామా" అన్నాను. "ఏం కాల్యా లేప్పా. మీ అత్త పొయ్యికి కాగితాలు ల్యాకుండా పాయ, అంతే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపటికి ఆయనే, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, "నువ్వు చెప్తివి గదా, ఇంగొకర్ని అడగాలని గూడా తోయల్యా నాకు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నెల తిరక్కముందే కారు ముందు చక్రంలో ఏదో శబ్దం మొదలైంది. మామ చాచా షెడ్డు ముందునుంచే వచ్చాడట, అక్కడ ఆగలేదు. నేరుగా ఇంటికి తెచ్చి నన్ను పిలిచాడు. "ఏమైందో చెప్పు అల్లుడూ." బేరింగు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "తెలీదు మామా. చూడాల" అన్నాను. ఆయన పోయి జాకీ తెచ్చి నా పక్కన పెట్టి, తానూ నేల మీద కూర్చున్నాడు.

ఇప్పుడు కర్నూలులో నాకూ ఒక షెడ్డుంది. బండి ఇంకా ఆగకముందే రోగం చెప్పేయాలని ఆ పాత కుర్రాడు నాలో ఇప్పటికీ తొందరపడుతుంటాడు. ఆగరా అంటాను. అంతకు మించి వాణ్ణి ఏమీ అనలేను. మా మామ ఎంతో నమ్మిన పిల్లాడు వాడు.