క్యాంపుకు ఏడు జతలు

అప్పట్లో మా మానవపాడు వైపు పల్లెల్లో ఇంగ్లీషు రాని వాళ్లుండేవారేమో గానీ క్యాంపు అనే మాట తెలియని వాళ్లు మాత్రం లేరు. పైగా ఎవరి క్యాంపు వాళ్లకుండేది. మా నాయనమ్మకు క్యాంపంటే సర్కారు దవాఖానలో ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపేది. మా చిన్నాయన కొత్తగా మండల సభ్యుడిగా గెలిచాడు. ఆయనకు క్యాంపంటే, అధ్యక్షుడి ఎన్నిక అయ్యేదాకా గెలిచిన వాళ్లను అవతలి పార్టీ కంటపడకుండా ఏ సముద్రం పక్క హోటల్లోనో దాచిపెట్టి మేపేది. మా అమ్మకు క్యాంపంటే చిన్నతనంలో తల్లిదండ్రుల వెంట పూణే దిక్కు మట్టిపనికి పోయి నెలల తరబడి బతికిన రేకుల షెడ్లు. అలాంటి ఇంట్లోకి, గద్వాల కాలేజీలో డిగ్రీ చదువుతున్న నేను ఒక సాయంత్రం చక్కగా నడిచొచ్చి, “బల్మూర్ అవతల గుట్ట మీదికి క్యాంపుకు పోతున్న, మూడు దినాలు” అని చెప్పాను.

ముందు నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. “ఓరి దేవుడా! ఇంక లగ్గమే గాలే, గప్పుడే క్యాంపేందే నీకు?” అది ఆ క్యాంపు కాదు, గుడారాలు వేసుకుని అడవిలో పండుకోవడమని చెబితే ఇంకా పరేషానైంది. “మనకు ఇల్లు లేదా ఏంది?” అని అడిగింది. ఇంతలో చిన్నాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “క్యాంపు సంగతి నన్నడుగు వదినా. బట్టలు ఒక్కటి గూడ పెట్టకు. కట్టుబట్టలతోని బస్సెక్కితే సాలు, అన్నీ ఆళ్లే కొనిస్తరు. ఫోను మాత్రం జర పైలం, ఎక్కంగనే గుంజుకుంటరు.” (ఆయన తన క్యాంపు నుంచి తెల్లచొక్కాలతో, నల్ల కళ్లద్దాలతో, ఎవరికి చెయ్యెత్తాడో తనకే సరిగా తెలియకుండా తిరిగొచ్చాడు. ఆ చొక్కాలు ఆ యేడు మా మండలంలోని పెండ్లిళ్లన్నిటికీ హాజరయ్యాయి.)

మా సారు మాత్రం క్లాసులో ఖరాఖండిగా చెప్పాడు. “రెండు జతలు, ఒక దుప్పటి. మీ సంచి మీరే మోసుకుంట గుట్ట ఎక్కాలె. మోయలేనోళ్లు కిందనే వంటమాస్టరు దగ్గర ఉల్లిగడ్డలు కోస్కుంట కూసోవాలె.” ఆ గుట్ట మీద, ఆ గుడారంలో ఒక్కసారి పండుకోవాలని నాకెంత ఆశో చెప్పలేను. పుట్టి బుద్ధెరిగాక చుట్టాల ఇండ్లల్లో తప్ప ఎక్కడా నిద్రపోయిన దాన్ని కాదు.

అమ్మకు రెండు జతల మాట చెవికెక్కితే కదా! “రెండు జతలేంది బిడ్డా, మనమేమన్న లేనోళ్లమా? వాన పడ్తే? బురదల జారితే? ఎవరన్న సుట్టాలు కనవడ్తే?” అంది.

“అడవిల సుట్టాలెవరుంటరమ్మా?”

“బల్మూర్ల మా పెద్దమ్మ మనుమరాలినిచ్చిండ్రు, నీకేం తెల్సు!” అని రోజుకు రెండు జతల చొప్పున ఆరు, దానిమీద తోవలో ఏదైనా పెండ్లి తగిలితే పనికొస్తుందని పట్టు లంగా ఓణీ కలిపి ఏడు కట్టింది. స్వెట్టర్ లెక్కలోకి రాదట. నేను తీయడం, ఆమె పెట్టడం, చివరికి సంచి జిప్పు మీద నాయనమ్మ కూర్చుంటే గానీ మూత పడలేదు.

మర్నాడు వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటి బస్సు మమ్మల్ని గుట్ట కింద దించింది. సారు ఒక్కొక్కరి సంచీ ఒంటిచేత్తో లేపి చూస్తూ వచ్చాడు. నాది లేవలేదు. “ఏందమ్మా, కాపురానికి పోతున్నవా? జర తగ్గించుకో, లేకుంటే ఈడనే ఉండిపో” అనేసి ముందుకు పోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. వంటమాస్టరును బతిమిలాడాను, కొన్ని బట్టలు నీ దగ్గర పెట్టుకో అని. ఆయన చెట్లకేసి చూపించి, “కోతులెత్కపోతే నన్నడగొద్దు” అన్నాడు. అమ్మ ఇచ్చిన పట్టు లంగా కట్టుకుని కోతి కొమ్మ మీద కూర్చున్నట్టు కళ్ల ముందు కనిపించింది. ఇక లాభం లేదని ఒక బండ చాటుకు పోయి, ఒక చుడీదార్ మీద ఇంకోటి, దాని మీద మరోటి, ఆపైన పట్టు లంగా, అన్నిటి మీదా స్వెట్టర్ తొడుక్కుని బయటికొచ్చాను. చేతులు ఒంటికి ఆనడం మానేశాయి. సంచి లేచింది గానీ సారు నన్ను ఎగాదిగా చూశాడు.

“ఇందాక సన్నగుంటివి గదమ్మా?”

“టిఫిన్ మంచిగుండె సార్” అన్నాను.

ఎండలో ఆ గుట్ట ఎలా ఎక్కానో నాకే తెలియదు. చెమటకు ఒక్కో జతా వరసగా తడుస్తూ వచ్చింది. అందరికన్నా వెనక చేరాను. చేరాను గదా! పైనుంచి చూస్తే కిందంతా అడవే, గాలి వీస్తోంది, నాకు ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చి ఉన్నపళంగా కూర్చుని నవ్వాను. రోగం లేకుండా, కూలి కోసం కాకుండా, ఓటు కోసం కాకుండా మా ఇంట్లోంచి ఇంత దూరం వచ్చింది నేనే మొదటిదాన్ని.

ఇంటికి రాగానే అమ్మ సంచి విప్పింది. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నా వైపు విజయగర్వంతో తిరిగింది. “చూసినవా? అన్నీ ఇడిసినవే! నేను పెట్టకుంటే ఏం కట్టుకుంటుంటివే? ఇంకో రెండు పెట్టేదుండె.” ఏడు జతలూ ఉతికి వాకిట్లో తీగ మీద ఆరేస్తుంటే పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి, “బిడ్డ క్యాంపుకు పోయొచ్చిందట గదా, దేనికి?” అంది. అమ్మ లంగా దులిపి, వీధంతా వినబడేలా చెప్పింది. “దేనికీ గాదు. ఉత్తగనే పోయొచ్చింది.”

నాకు ఉద్యోగమొచ్చిందన్నప్పుడు కూడా అమ్మ అంత గొప్పగా చెప్పుకోలేదు. ఇప్పుడు వనపర్తిలో ఆఫీసు, ఇల్లు, పిల్లలు. ఎప్పుడైనా మనసు లాగితే రెండు రోజులు ఎటైనా పోయొస్తుంటాను, కాదనను. సెలవు చీటీలో మాత్రం కడుపునొప్పి అని రాస్తున్నాను.