మోకాలి ముచ్చట

“నొస్తుందా బాపూ?”

“ఎవ్వలికి చెప్పకు బిడ్డా.”

ఆస్పత్రి మంచం మీద నాన్న నవ్వుతూ నాతో అన్న చివరి మాట అది. మొన్న మా చిన్నకొడుకు బంతాట ఆడొచ్చి కాలికి బామ్ రాసుకుంటుంటే, ఆ వాసనకు సౌదీలో మేమున్న జెద్దా గుర్తొచ్చింది.

గల్ఫ్ యుద్ధం రోజులవి. నాన్న పేరుకే కంపెనీలో ఏసీ మెకానిక్, అసలు పని గోడౌన్‌లో ఫుట్‌బాల్ ఆడటం. కంపెనీల మధ్య పోటీలుండేవి. గెలిపించినన్నాళ్లే అక్కడ ఉండనిచ్చేవాళ్లు. విషవాయువు వస్తుందని గోడౌన్ కిటికీలకు ప్లాస్టిక్ అంటించారు. చిన్నదాన్ని, బంతి బయటికి పోకుండా కాబోలు అనుకున్నాను.

ఒక ఆటలో గోడకు గుద్దుకుని నాన్న మోకాలు దెబ్బతింది. అమ్మ తలుపేసి బామ్ రాసేది. బయట నాన్న కుంటకుండా నడిచేవాడు. ఎవరికీ చెప్పొద్దని నాకు ఒట్టు పెట్టించాడు.

ఫోర్మన్ మా కరీంనగర్ వాడే. నా చేతిలో ఖర్జూరాలు పెట్టాడు.

“మీ బాపు దగ్గర గా వాసనేందే? అత్తరు మార్చిండా?”

“మోకాలు వాచింది మామా. ఆటకు పంపకు.”

మందు ఇప్పిస్తాడనుకున్నాను. వారం తిరగకుండా వీసా మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి మమ్మల్ని ఊరికి పంపేశారు. విమానం ఎక్కుతున్నామని నేను ఎగిరి గంతులేశాను. ఊళ్లో నాన్న అదే కాలితో ఇరవై ఏళ్లు ఇటుకలు మోశాడు. ఎవరు చెప్పారని ఒక్కనాడూ అడగలేదు. ఆయనకు మొదటినుంచీ తెలుసని ఆ మంచం దగ్గర ఆ నవ్వు చూశాకే నాకు తెలిసింది. ఆ రోజు ఏడ్చినంతగా నా పెనిమిటి పోయిననాడు కూడా ఏడవలేదు.

నేను చెప్పిందంతా రాసినవా కోడలా? ఒక్కసారి చదివి వినిపియ్యి. ఫోర్మన్‌కు నేనే చెప్పిన అన్నది అండ్ల ఉన్నదో లేదో వింట.